సొంత వాక్యంలో వైకల్యం



తెలుగు పరీక్ష పేపర్లో ఒక పాత ప్రశ్న ఉంటుంది. 'కింది పదాలకు సొంత వాక్యాలు రాయండి' అంటారు. పిల్లలు అది సులువైన ప్రశ్న అనుకుంటారు. వ్యాసం బట్టీపట్టి రాయొచ్చు. పద్యానికి తాత్పర్యం గైడు చూసి నేర్చుకోవచ్చు. సొంత వాక్యం మాత్రం పిల్లవాడి ఇంట్లోంచి, వాడి వీధిలోంచి వస్తుంది. ఒక మాటను ఊరు ఎలా వాడుతోందో ఆ ఒక్క వాక్యంలో బయటపడుతుంది.

అనంతపురం జిల్లా విడపనకల్లులో నేను తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్న రోజులవి. కార్తీక మాసం. ఊరి చుట్టూ నల్లరేగడి చేలల్లో అప్పుడే శనగ మొలకెత్తి ఉంది, మిరప పూత మీద ఉంది. ఆ రోజు నల్లబల్ల మీద 'వైకల్యం' అని రాసి, సొంత వాక్యం రాయమన్నాను. సాయంత్రం ఇంట్లో కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుతుంటే నాలుగు వాక్యాల దగ్గర నా ఎర్ర పెన్ను ఆగింది.

మొదటి వాక్యం: 'పరీక్షల్లో వైకల్యం వచ్చినా నిరుత్సాహపడకూడదు.' రెండోది: 'వైకల్యత ఉన్నవాళ్ళ మీద జాలి చూపాలి.' మూడోది: 'మా పక్కింటాయన అంగవైకల్యుడు.' నాలుగోది: 'మా మిరప చెట్ల ఆకులకు వైకల్యం వచ్చిండాది.'

ఈ నాలుగు వాక్యాల గురించే ఈరోజు మీతో మాట్లాడాలని వచ్చాను.

మొదటి పిల్లవాడి తప్పు చెవిది. వాడికి కావలసిన మాట వైఫల్యం. విఫలం నుంచి వైఫల్యం పుట్టినట్టే వికలం నుంచి వైకల్యం పుట్టింది. ఒక్క అక్షరం తేడా, అర్థంలో మాత్రం పోలిక లేదు. వైఫల్యం చేసిన పనికి సంబంధించింది, వైకల్యం దేహానికో బుద్ధికో సంబంధించింది. ఈ పొరపాటు పెద్దవాళ్ళ బుర్రల్లోనూ ఉంది. కాలో చెయ్యో సరిగా లేని మనిషి కనిపిస్తే, బతుకులో ఓడిపోయిన మనిషి అనుకునేవాళ్ళు ఎందరు లేరు?

రెండోవాడు 'వైకల్యత' అన్నాడు. వైకల్యం అంటేనే వికలంగా ఉండడం. ఆ 'ఉండడం' మాటలోనే ఉన్నాక మళ్ళీ 'త' తగిలించడం అనవసరం. ప్రాముఖ్యం చాలు, ప్రాముఖ్యత అక్కర్లేదు. ప్రాధాన్యం చాలు, ప్రాధాన్యత అక్కర్లేదు. అలాగే వైకల్యం చాలు. పత్రికల్లోనూ సర్కారు కాగితాల్లోనూ 'వైకల్యత' తరచు కనిపిస్తోంది. కాబట్టి పిల్లల్ని మాత్రమే తప్పుపట్టలేం.

మూడో వాక్యం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 'అంగవైకల్యుడు' అనే మాట వ్యాకరణానికి నిలవదు. వైకల్యం ఒక స్థితి పేరు. ధైర్యం ఉన్నవాణ్ణి ధైర్యుడు అనం, ధైర్యవంతుడు అంటాం. వైఫల్యం ఎదురైనవాణ్ణి వైఫల్యుడు అనం. అలాగే అంగవైకల్యుడు అని ఎవరూ ఉండరు. అంగవైకల్యం ఉన్న మనిషి ఉంటాడు. ఒకే మాటలో చెప్పాలంటే వికలాంగుడు అనే సమాసం ఉంది, వికలమైన అంగం కలవాడు అని దాని విగ్రహవాక్యం. మా ఊరు బళ్ళారి దారి మీద ఉంది కనుక కర్ణాటక బస్సులు ఎక్కుతుంటాం. సీటు పైన 'అంగవికలరిగె' అని కనిపిస్తుంది. వాళ్ళు అంగం ముందు పెట్టారు, మనం వికలం ముందు పెట్టాం. సరుకు ఒకటే.

ఇంతకీ వికలం అంటే ఏమిటి? ఈ మాటలో ఉన్నది కళ. కళ అంటే భాగం. చంద్రుడికి పదహారు కళలు అంటాం కదా, ఆ కళే. కళలన్నీ ఉన్నది సకలం, కళ లోపించింది వికలం. సకలం, వికలం ఒక తల్లి బిడ్డలు. 'సకల' అనే మాటను రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. సకల జనులు, సకల సౌకర్యాలు. దాని తోబుట్టువును మాత్రం గొంతు తగ్గించి పలుకుతాం. మనసు బాధపడితే 'మనసు వికలమైంది' అంటాం. అంటే వికలం కావడం ఏ మనిషికైనా ఎప్పుడో ఒకప్పుడు జరిగేదేనని భాష ముందే ఒప్పుకుంది. ఆ మాటలో తిట్టు లేదు, శాపం లేదు, పాపం లేదు. ఒక భాగం తక్కువైందన్న సమాచారం ఉంది, అంతే.

ఇక నాలుగో వాక్యం. మిరప ఆకుకు వైకల్యం. తప్పు పెడదామని పెన్ను పెట్టి, మళ్ళీ తీశాను. మరునాడు ఆ పిల్లవాణ్ణి లేపి, 'చెట్లకు వైకల్యం అని ఎవరంటారురా, మీ నాయన ఏమంటాడు?' అని అడిగాను. 'మా నాయన ముడత అంటాడు సార్' అన్నాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి వస్తూ రెండు ఆకులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా ఉంది. రెండోది కిందికి ముడుచుకుని బోర్లించిన దోనెలా ఉంది. 'ఇది పై ముడత సార్, తామరపురుగు. ఇది కింది ముడత, నల్లి. రెంటికీ ఒకే మందు కొడితే పన్జెయ్యదు' అన్నాడు. తొమ్మిదో తరగతి పిల్లవాడు! దేశంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లాల్లో మనది ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే ఆ కాసింత వాన మీద ఆశతో పెట్టిన చెట్టు అది. అందుకే రైతు ఆకు తిప్పి చూస్తాడు, పేరు సరిగా పెడతాడు. పేరు తప్పితే మందు తప్పుతుంది, మందు తప్పితే పంట పోతుంది.

ఆ రెండు ఆకులూ నా పుస్తకంలో చాలాకాలం ఉన్నాయి. ఆ పిల్లవాడి మాటలో రెండు సంగతులు నాకు పాఠమయ్యాయి. ఒకటి, రైతు 'చెట్టుకు ముడత వచ్చింది' అంటాడు. ముడత వచ్చిందని చెట్టు పేరు మార్చడు. ముడత వచ్చినా అది మిరప చెట్టే. రెండు, ఏ ముడత, ఎక్కడ, దేనివల్ల అని అడుగుతాడు. మనిషి దగ్గరికి వచ్చేసరికి మనం ఈ రెండూ వదిలేస్తున్నాం. కాలు వంకరగా ఉంటే మనిషే 'కుంటోడు' అయిపోతాడు. ఎందుకు వంకరైందని మాత్రం అడగం.

తెలుగు వ్యాకరణం మనకు చక్కని వాక్యం ఇచ్చింది. 'నాకు జ్వరం వచ్చింది', 'అమ్మకు చూపు తగ్గింది', 'తాతకు వినపడదు'. ఇది 'కు' విభక్తి వాక్యం. ఇందులో మనిషి ముందు నిలబడతాడు, అతనికి కలిగిన స్థితి పక్కన నిలబడుతుంది. వైకల్యాన్ని కూడా ఈ వాక్యంలోనే పెట్టాలి. 'ఆ పాపకు ఎడమ పాదంలో పుట్టుకతో వైకల్యం ఉంది.' 'ప్రమాదం తర్వాత ఆయన కుడిచేతికి వైకల్యం ఏర్పడింది.' ఈ రెండు వాక్యాల్లో క్రియలు చూడండి. పుట్టుకతో ఉన్నదానికి 'ఉంది' సరిపోతుంది. తర్వాత వచ్చినదానికి 'ఏర్పడింది', 'కలిగింది' అనాలి. 'వైకల్యంతో బాధపడుతున్నాడు' అని పత్రికల్లో అలవాటుగా రాస్తున్నారు. ఆ మనిషి బాధపడుతున్నాడో లేదో రాసినవారికి ఎలా తెలుసు? నొప్పి ఉంటే నొప్పి ఉందని రాయాలి. లేకపోతే 'ఉంది' అనే చిన్న క్రియ చాలు.

పేరు తప్పితే ఏమవుతుందో మన ఇళ్ళలోంచే మూడు ఉదాహరణలు చెబుతాను.

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి గ్రహణం మొర్రి అంటాం. మొర్రి అనే మాట సరైనదే, ముందున్న గ్రహణమే తప్పు. గ్రహణం పూట తల్లి బయటికి వచ్చిందనో, కత్తిపీట ముట్టిందనో నింద ఆ పేరులోనే ఉంది. నిజానికి కడుపులో బిడ్డకు పెదవి రూపుకట్టేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. ఆ రోజుల్లో చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతి కూడా తెలియదు. పెదవి రెండు అంచులు కలవకపోవడానికి వంశంలో వచ్చే గుణాలు, కొన్ని రకాల మందులు, పొగ వంటి కారణాలు ఉంటాయి. సూర్యుడికీ చంద్రుడికీ దానితో సంబంధం లేదు. పెదవికి మూడు నుంచి ఆరు నెలల వయసులో ఆపరేషన్ చేస్తారు. కాబట్టి 'పెదవి చీలిక' అందాం, లేదా వట్టి 'మొర్రి' అందాం. గ్రహణం అనే ఆ ఒక్క మాట తీసేస్తే ఒక తల్లి మీద నుంచి జీవితకాలపు నింద దిగిపోతుంది.

రెండోది పోలియో. ఏ పిల్లవాడికి కాలు సన్నగా ఉన్నా 'పోలియో వచ్చింది' అనడం మనకు అలవాటు. మన దేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న దేశం పోలియో లేనిదిగా గుర్తింపు పొందింది. అంటే ఇప్పుడు మన బడిలో కుంటుతూ నడిచే పిల్లలకు ఉన్నది వేరే ఏదో. పుట్టుకతో వచ్చిన వంకర పాదం కావచ్చు, మెదడుకు సంబంధించినది కావచ్చు, కండరాల జబ్బు కావచ్చు. పోలియో అని పేరు పెట్టేశాక డాక్టరు దగ్గరికి ఇంకెవరు తీసుకుపోతారు? వంకర పాదాన్నే చూడండి. పుట్టిన కొద్ది వారాల్లో మొదలుపెడితే వారానికొక పిండికట్టు చొప్పున అయిదారు కట్లతో పాదం దారికొస్తుంది. తర్వాత మడమ వెనక స్నాయువు దగ్గర చిన్న కోత, ఆ మీదట నాలుగేళ్ళ వయసు దాకా రాత్రిళ్ళు ప్రత్యేకమైన బూట్లు. డాక్టర్ పొన్సెటి కనిపెట్టిన ఈ పద్ధతినే ఇప్పుడు ప్రపంచమంతా అనుసరిస్తోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ బడుల్లోనూ పిల్లల్ని పరీక్షించేటప్పుడు చూడవలసిన లోపాల్లో వంకర పాదం, పెదవి చీలిక రెండూ ఉన్నాయి.

మూడోది గార పళ్ళు. మన జిల్లాలో బోరు నీళ్ళు తాగిన ఊళ్ళలో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. గార అంటే తోముకుంటే పోయే మురికి అనుకుంటాం. తోముకోలేదని పిల్లల్ని తిడతాం. ఆ చారలు నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ వల్ల పన్ను ఏర్పడే వయసులోనే లోపల పడ్డవి. ఎంత తోమినా పోవు. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు వంగి, కీళ్ళు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో. అనంతపురం జిల్లాకు 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చినప్పుడు ఊళ్ళు ఎందుకు అంత సంబరపడ్డాయో ఆ వంగిన నడుములు చూసినవాళ్ళకు తెలుసు. ఇక్కడ వైకల్యానికి కారణం నీళ్ళు. మనం నింద వేసింది పిల్లల బద్ధకం మీద.

వైకల్యం పక్కన తిరిగే మరికొన్ని మాటలున్నాయి. వాటిని కలగలపకూడదు. వికృతి అంటే మారిన రూపం. బడిలో ప్రకృతి, వికృతి అని చదువుకున్నాం. విద్యకు విద్దె వికృతి, అందులో అసహ్యం ఏమీ లేదు. మన అరవై సంవత్సరాల పేర్లలో వికృతి ఒకటి, వికారి ఒకటి. 2010 ఉగాదితో వికృతి, 2019 ఉగాదితో వికారి వచ్చాయి, ఆ ఏడాదుల్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు మన మధ్య తిరుగుతున్నారు. అయినా వాడుకలో వికృతం అంటే భయపెట్టేదనే అర్థం స్థిరపడింది. కాబట్టి మనిషి దేహాన్ని గురించి ఆ మాట వాడకూడదు. వికారం అంటే ఇప్పుడు మనకు కడుపులో తిప్పడం. అవకరం అనే మాటను కథల్లో లోపం అనే అర్థంలో వాడతారు. సంస్కృతంలో ఊడ్చి పారబోసే చెత్తకు ఆ పేరు. అది తెలిశాక ఒక బిడ్డ చేతి గురించి ఆ మాట రాయడానికి నా చెయ్యి రాలేదు. అలాగే 'మానసిక వికలాంగులు' అనే మాట పొసగదు. అంగం అంటే అవయవం. బుద్ధి ఎదుగుదలలో తేడా ఉంటే 'మేధో వైకల్యం' అనాలి. అది వేరు, మానసిక అనారోగ్యం వేరు.

ఇప్పుడు మా వీధి సంగతి ఒకటి చెబుతాను. నా చిన్నప్పటి నుంచి మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒకాయన ఉండేవాడు. ఒక కాలు పొట్టి. గొర్రు, గుంటక, పలుగు, పార, ఏది విరిగినా ఆయన దగ్గరికే పోయేవాళ్ళం. మేమంతా ఆయన్ని 'కుంటి మామ' అనేవాళ్ళం. ప్రేమగానే అనేవాళ్ళం. ఆయనా పలికేవాడు. ఆయన పోయినప్పుడు దినం కార్డు రాయమని నన్ను పిలిచారు, చదువుకున్నవాణ్ణి కదా. కాగితం తీసుకుని, 'మామ పేరు ఏమి?' అన్నాను. అరుగు మీద కూర్చున్న పదిమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియలేదు. చివరికి లోపల మూలన కూర్చున్న అత్త నోట ఆ పేరు వచ్చింది. దేవుడి పేరు, మంచి పేరు, వాళ్ళ అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకున్న పేరు. యాభై ఏళ్ళు ఒకే వీధిలో ఉండి, ఆ పేరును నేను మొదటిసారి రాసింది ఆయన చావు కార్డు మీద. ప్రేమగా పిలిచామన్న మాట ఆ రోజు నాకు ఊరట ఇవ్వలేదు.

సర్కారు కూడా ఈ పేర్ల విషయంలో చాలా దూరం నడిచింది. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడు రకాలు. 2016 చట్టంలో ఇరవై ఒకటి. 2015 డిసెంబరు 27న ప్రధాని రేడియోలోనే 'దివ్యాంగులు' అనే మాట ప్రతిపాదించారు. మన రాష్ట్రంలో సంక్షేమ శాఖ పేరులో 'విభిన్న ప్రతిభావంతులు' అనే మాట పెట్టారు. ఈ పేర్లు గౌరవం కోసం పెట్టినవే. అయితే వైకల్యం ఉన్న ఎందరో, 'మాకు దివ్యత్వం వద్దు, మామూలు మనుషుల్లా చూస్తే చాలు' అంటున్నారు. వాళ్ళ మాట వినాలి. ఎవర్ని ఎలా పిలవాలో వాళ్ళనే అడగడం అన్నిటికన్నా మంచి పద్ధతి. 2016 చట్టం 92వ సెక్షను ప్రకారం, నలుగురి ముందు వైకల్యం ఉన్న మనిషిని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ వరకు జైలు, జరిమానా ఉన్నాయి. 2024 జూలై 8న సుప్రీంకోర్టు, సినిమాల్లో వైకల్యాన్ని హేళన చేసే మాటలూ చిత్రణలూ ఉండకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది.

సామెతల్లోనూ నుడికారాల్లోనూ ఇలాంటి మాటలు నాటుకుపోయి ఉన్నాయి. కుంటిసాకు అంటాం. వట్టి సాకు అన్నా, వంక అన్నా అర్థం చెడదు. గుడ్డిగా నమ్మాడు అంటాం. ఆలోచించకుండా నమ్మాడు అంటే ఇంకా స్పష్టంగా ఉంటుంది. చూపు లేనివారు అందరికన్నా జాగ్రత్తగా అడుగు వేస్తారు, ప్రతి గొంతునూ గుర్తుపడతారు. ఆలోచన లేని నమ్మకానికి వాళ్ళ పేరు పెట్టడం అన్యాయం.

సరైన మాట సరైన చోట పెడితే బాధ్యత ఎవరిదో కూడా తేలుతుంది. ఒక అమ్మాయికి పాదం వంకర అనుకుందాం. అది దేహంలో తేడా, దానికి వైద్యుడు కావాలి. ఎక్కువ దూరం నడవలేదు. అది పనిలో ఇబ్బంది, దానికి క్యాలిపరో మూడు చక్రాల బండో కావాలి. తరగతి గదికి నాలుగు మెట్లున్నాయి, వాలుబాట లేదు. ఇది ఊరి లోపం, ఆ వాలుబాట మనం కట్టాలి. మూడింటికీ కలిపి 'పాపం, కుంటి పిల్ల' అనేస్తే వైద్యుడూ రాడు, బండీ రాదు, వాలుబాటా రాదు. జాలి ఒక్కటే మిగులుతుంది. మన జిల్లాలో ఊరూరా ఏర్పడ్డ వికలాంగుల సంఘాలు ఈ తేడా తెలిసి పనిచేశాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు, పింఛను, బస్సు పాసు, బడిలో సీటు అంటూ దేనికి ఏది అడగాలో పేరు పెట్టి అడిగాయి. కనుకనే సాధించుకున్నాయి.

ఆ తొమ్మిదో తరగతి నోటు పుస్తకాలకు మళ్ళీ వస్తాను. మిరప వాక్యానికి పూర్తి మార్కు వేశాను. పక్కన 'ఆకుకు ముడత అనే మాట ఇంకా బాగుంటుంది' అని రాశాను. 'అంగవైకల్యుడు' అని రాసిన అమ్మాయిని మాత్రం పిలిచి, 'మీ పక్కింటాయన పేరు తెలుసా?' అని అడిగాను. తెలుసంది. 'అయితే ఆ పేరుతో మొదలుపెట్టి వాక్యం మళ్ళీ రాయి' అన్నాను. ఆ అమ్మాయి పేరు రాసింది, ఆయన కుట్టుమిషను మీద బట్టలు కుడతాడని రాసింది, ఆయన కుడి కాలికి వైకల్యం ఉందని చివర రాసింది.

శ్రోతలారా, మీ వీధిలో అలా కాలి పేరుతోనో కంటి పేరుతోనో పిలిచే మనిషి ఒకరు తప్పక ఉంటారు. ఈ సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళి అసలు పేరు అడగండి. రేపటి నుంచి ఆ పేరుతో పిలవండి.